కారం లేని ఖైమా

జనవరి 18

తినకపోతే మనిషి చిక్కిపోతాడని చెప్పడానికి అంత చదువు చదవాలా! ఈ రోజు అనంతపురంలో డాక్టరు అదే మాట చెప్పి పంపించాడు. వచ్చే నెల చూపించేటప్పటికి మా ఆయన బరువు ఇంకా తగ్గితే పొట్టకు రంధ్రం పెట్టి గొట్టం వేస్తారట. అందులోంచి పాలూ గంజీ పోయాలట. ఆయన తల దించుకుని విన్నాడు. నేను మాత్రం ఊరుకోలేదు. "గొట్టం మాట ఎత్తొద్దు సార్. వంట చేసేది నేను" అన్నాను. డాక్టరు నవ్వాడు. నవ్వనీ.

గుట్కా వల్ల నాలుక పక్కన పుండు, దానికి ఆపరేషను, ఆ తర్వాత రోజూ రేడియేషన్ కరెంటు పెట్టించడం. అన్నీ అయిపోయాయి. జబ్బు పోయిందంటున్నారు. పోతూ పోతూ ఆయన నోట్లో తడి కూడా పట్టుకుపోయింది. ఉమ్ము ఊరదు. రొట్టె ముక్క పెడితే పెట్టినట్టే ఉంటుంది. కారం తగిలితే మంట, చింతపండు తగిలితే మంట. మెత్తగా, తడిగా, కారం లేకుండా, పులుపు లేకుండా ఉండాలి, కానీ మాంసమో గుడ్లో రోజూ లోపలికి పోవాలి అని అక్కడ డైట్ చెప్పే అమ్మాయి చెప్పింది. చెప్పి, పెన్ను మూత పెట్టి, ఇంకెవరినో పిలిచింది.

సరే. ఈ ధర్మవరంలో మా వీధిలో ఏ ఇంట్లో శుభకార్యమైనా కూర ఉప్పు చూడడానికి నన్నే పిలుస్తారు. నా చేతి కూర వద్దని లేచిన మనిషిని నేనింతవరకు చూడలేదు. కట్టుకున్నవాడు మొదటివాడు అవుతాడా?

ఈ డైరీ పట్టుచీరల షాపువాళ్ళు ఏటా ఇచ్చేది. ఎప్పుడూ గ్యాస్ తెచ్చిన తేదీ తప్ప ఏమీ రాయను. ఈసారి రాస్తాను. ఇంట్లో అరిస్తే ఆయన వింటాడు. ఇక్కడ అరిస్తే ఎవరూ వినరు.

జనవరి 20

మటన్ ఉడుకుతుంటే ఆ వాసనకే వాంతి చేసుకున్నాడు. గుడ్డు నోట్లో ఇనుము ముక్కలా ఉందన్నాడు. ఫారం కోడి కూడా అంతే. సగ్గుబియ్యం జావ మూడు చెంచాలు తాగాడు. పసిపిల్లలకు పెట్టే తిండి అది.

జనవరి 23

మా తమ్ముడు రామాంజనేయులు గార్లదిన్నె నుంచి బండి మీద వచ్చాడు. వెనకాల గోనెసంచి, సంచి బయట ఒక నీలం తల. మా అత్త అంజనమ్మ చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏం పక్షిరా ఇది? నెమలికి జబ్బు చేసినట్లుండాది."

"టర్కీ కోడి అత్తా. చెనక్కాయ పంట పోయి చేనంతా గడ్డే మిగిలింది కదా, ఆ గడ్డి మేసే ఇవి ఇట్ల బలిసినాయి. బావకు మటన్ వాసన పడలేదన్నావు కదక్కా, దీనికి అంత వాసనుండదు. తినిపిచ్చి చూడు."

"వీడు అమ్ముడుపోని కోళ్ళన్నీ మనింటికి తోల్తాండాడు" అంది అత్త, వాడికి వినపడేటట్టే.

వాడేమీ అనుకోలేదు. ఆయన మంచం పక్కన కూర్చుని కోడి గురించే మాట్లాడాడు. ఆయన ఒక్కసారి తల ఊపాడు. ఊపాడంటే ఇష్టమేనని అర్థం.

జనవరి 24

వలీ అన్న మాంసం దుకాణంలో కోడిని కోయించి, ఖైమా మిషన్లో వేయించాను. ముక్కలైతే నమలలేడు, ఖైమా అయితే మింగేయచ్చు. ఇది నా ఆలోచనే. వలీ అన్న ఖైమా కవర్లో వేస్తూ, "దీంట్లో కొవ్వు లేదక్కా, చూసుకో" అన్నాడు. ఖైమా నాకు కొత్తా?

ఇంటికి తెచ్చి పసుపు వేసి మూడు నీళ్ళు కడిగాను. పల్చటి గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండాను. మా అమ్మ చేసింది అంతే, మా అత్త చేసింది అంతే. కడగని మాంసం వండిన ఇంట్లో మావాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు. ఇక పిండడమంటారా, పట్టు నూలు సబ్బునీళ్ళలో ఉడకేసి పిండి ఆరేసే చేతులు మావి. చుక్క మిగలనివ్వం. తర్వాత నూనెలో వేసి, నీరంతా ఇగిరి, గింజ గింజ విడేదాకా వేయించాను. కారం డబ్బా మాత్రం తెరవలేదు.

మొదటి ముద్దకే ఆయనకు పొలమారింది. కళ్ళు తేలేశాడు. నీళ్ళు, వీపు మీద చరుపు, మళ్ళీ నీళ్ళు. తేరుకున్నాక "ఇసుక" అన్నాడు. ఒక్క మాటే అన్నాడు.

నేను నోట్లో వేసుకుని చూశాను. ఇసుకే.

జనవరి 25

తప్పు పక్షిది.

జనవరి 28

ఫ్రిజ్‌లో ఉన్న మిగతా ఖైమాను కూడా అలాగే కడిగి పిండి, రెట్టింపు నూనె పోశాను. ఇప్పుడు అది నూనెలో ఇసుక.

వాకిట్లో కూర్చుని నా మీద నాకే కోపంగా ఉంటే, వీధికుక్క వచ్చి తూము దగ్గర రాయి నాకుతోంది. అంతగా నాకడానికి అక్కడ ఏముందని చూశాను. ఖైమా పిండిన నీళ్ళు నేను పారబోసేది అక్కడే. కుక్క ఆ రాయిని అరిగిపోయేటట్టు నాకుతోంది.

అప్పుడు బుర్రలో వెలిగింది. పొట్టేలు ఖైమాకు కొవ్వుంటుంది. ఎన్నిసార్లు కడిగినా, ఎంతసేపు వేయించినా ఆ కొవ్వే దాన్ని కాపాడుతుంది. ఈ కోడికి ఉన్నదంతా ఆ నీళ్ళే. రుచీ తడీ అంతా తూముకు పోసి, పిప్పి తెచ్చి ఆయన నోట్లో పెట్టాను. కుక్కకు తెలిసింది నాకు తెలియలేదు.

తమ్ముడికి ఫోను చేసి ఇంకో కోడి తెమ్మన్నాను.

ఫిబ్రవరి 1

సాధించాను!

ఈసారి కోడిని ముక్కలు చేయకముందే కడిగి, గుడ్డతో తుడిచేశాను. రొమ్ము మాంసం సగం, తొడ మాంసం సగం, చర్మం తీయకుండా. వలీ అన్నతో మిషన్లో రెండుసార్లు వేయించాను. ఇంటికి వచ్చాక నీటి చుక్క తగలనివ్వలేదు. మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి, "కడగవా?" అంది. "కడగను" అన్నాను. ఆ పొద్దు తనకు మజ్జిగన్నమే చాలంది.

పుట్నాల పొడిని పాలలో నానబెట్టి ఖైమాలో కలిపాను. ఉల్లిగడ్డ తురిమి, రసం పిండకుండా అలాగే వేశాను. చెనక్కాయ విత్తనాలు, గసాలు, పచ్చికొబ్బరి నానబెట్టి వెన్నలా రుబ్బాను. ధనియాలు దోరగా వేయించి అప్పటికప్పుడు దంచాను. కారం లేని కూరకు ప్రాణం ధనియాలే, అదీ దంచిన గంటలోపే. పుదీనా నాలుగాకులు. ఉల్లిగడ్డ ఎర్రగా వేగాక రుబ్బింది వేసి, పాలు పోసి, ఉడుకు పట్టాక ఖైమా వేశాను. సన్న మంట, మూత. వేపుడు మాటే లేదు. ఇంకొంచెం ఇగరాలి అనిపించినప్పుడు దించేయాలి. అదే కష్టం. మా చేతులు ఇగరబెట్టే చేతులు. ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని దించాను.

రాగి సంగటి పల్చగా కెలికాను. సంగటి నమిలేది కాదు, మింగేది. దేవుడు ఆయన కోసమే పెట్టాడనిపించింది. మధ్యలో గుంట చేసి ఈ కూర పోశాను. నాలుగు ముద్దలు మింగాడు. పొలమారలేదు. "బాగుండాది" అన్నాడు.

మా అత్త కూడా చాటుగా గిన్నె తుడుచుకుని తింది. నేను చూడనట్టు ఉన్నాను. కారం కలుపుకుందిలే, అయినా తింది.

ఫిబ్రవరి 6

ఇక మీదట మగ్గం దగ్గర కూర్చుని తింటానన్నాడు. "మీరు ఎదురుగా కూచుని నోట్లోకి చూస్తాంటే పోదు" అన్నాడు. ఎంత సంతోషమైందో! ఎన్ని నెలలైంది ఆయన మగ్గం వైపు వెళ్ళి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నేసిన బట్ట చుట్టే దండె మీద ప్లేటు పెట్టుకుని తింటున్నాడు. మగ్గం మీదికి మనసు మళ్ళిందంటే సగం నయమైనట్టే.

ప్లేటు ఖాళీ.

ఫిబ్రవరి 8

ఖైమా ఉండలు చేశాను. లోపల ఉడికించిన సొరకాయ తురుము. నోట్లో పెడితే వెన్న. ప్లేటు ఖాళీ.

ఫిబ్రవరి 9

ప్లేటు ఖాళీ.

ఫిబ్రవరి 11

ప్లేటు ఖాళీ. చొక్కా వదులైనట్టు కనిపించింది. ఉతికి ఉతికి సాగి ఉంటుంది, పాతదే కదా.

ఫిబ్రవరి 13

ప్లేటు ఖాళీ. మొలతాడు ముడి ఇంకొంచెం బిగించుకున్నాడు. ఎండాకాలం వస్తోంది, అందరూ కొంచెం తగ్గుతారు.

ఫిబ్రవరి 16

కిలోన్నర తగ్గాడు.

ఆస్పత్రి వాళ్ళ కాటా సరిగా లేదు. మళ్ళీ ఎక్కించమన్నాను. ఎక్కించారు. అదే వచ్చింది. చెప్పులు విప్పి ఎక్కాడు కదా మరి అన్నాను. నర్సు అంకె రాసేసుకుంది.

వచ్చే నెల ఇలాగే ఉంటే చేర్చుకుని గొట్టం వేసేస్తామన్నాడు డాక్టరు. నేను చెప్పాను, సార్, రోజూ ఇంత ఖైమా, ఇంత సంగటి తింటున్నాడు, ప్లేటు ఖాళీ చేస్తున్నాడు అని. డాక్టరు నన్ను కాదు, ఆయన్ను చూశాడు. ఆయన కిటికీ వైపు చూశాడు.

బస్సులో చెప్పాడు. "గొట్టమైతే నేను రాను సువర్ణా. నన్ను ఇడిసిపెట్టు."

కూరలో నెయ్యి పెంచాలి. నెయ్యి తక్కువైంది, అంతే.

ఫిబ్రవరి 19

పొద్దున చీమలు కనిపించాయి. గోడ వెంట బారుగా దిగి మగ్గం గుంటలోకి పోతున్నాయి. మగ్గంలో చీమలకేం పనని గుంటలోకి దిగాను. తొక్కుడు చెక్కల కింద, వెనకాల మూలగా, పాల ప్యాకెట్ల కవర్లు. ఒక్కొక్కటి ముడి వేసి ఉంది. విప్పాను.

నా వంట. బూజు పట్టినా గుర్తుపట్టాను. ఇది కొబ్బరి వేసిన రోజుది. ఇది సొరకాయ ఉండలు. ఇది నిన్నటిది, నెయ్యి ఇంకా పేరుకునే ఉంది.

చీర కొంగులో వేసుకుని బయటికి వచ్చాను. ఆయన ఎండలో మంచం మీద ఉన్నాడు. ముందర పోశాను.

"ఏమప్పా ఇది?"

ఆయన కాళ్ళు ముడుచుకున్నాడు.

"గొంతులో పట్టుకుంటాందా? చెప్పు. ఇంకా మెత్తగా చేస్తా."

"మెత్తగానే ఉండాది. పోతాది."

"పోతే ఎందుకు దాచినావు?"

"తినాలని లేదు." తర్వాత ఒక్కసారిగా అంతా చెప్పేశాడు. "నాలుగు ముద్దలకు అరగంట. పక్కలకు కారతాది. మింగితే కప్ప అరిసినట్ల శబ్దం. నా తిండి చూసి నాకే అసహ్యం. రుచి చూస్తామంటే మన్ను తిన్నట్లుండాది. ఇట్ల తిని బతికి ఏం చెయ్యాల నేను?"

నాకు కోపం నెత్తికెక్కింది. వీధిలో వాళ్ళు తలుపులు తీసి చూసేటట్టు అరిచాను. "చస్తే చావు! కానీ పెండ్లాం వంట బాగలేక చచ్చినాడంటారు ఈ ఊరోళ్ళు. ఆ మాట నేను పడను! కప్ప అరిసినట్ల మింగుతావా? రాత్రంతా నువ్వు పెట్టే గురక పక్కన ఇన్నేండ్లు పడుకున్నా కదా, గుటకకు పారిపోతానా?"

ఆయన మొహం పక్కకు తిరిగింది. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆపరేషను తర్వాత నోరు ఒక వైపుకే తెరుచుకుంటుంది, ఆ వంకర నవ్వే నవ్వుతున్నాడు. అది చూసి నేను కింద కూర్చుండిపోయి ఏడ్చాను. అరుపులు పోయి ఏడుపు వచ్చింది. ఆయన చెయ్యి నా తల మీద పెట్టాడు, బరువే లేదు ఆ చేతికి.

రాస్తే ఏం? నాకు ఆయన కావాలి. పాలూ గంజీ గొట్టంలో పోసేదైనా సరే, నాకు ఆయన కావాలి. కానీ ఆయన అందుకు ఒప్పుకోడు. అంటే తినాల్సిందే.

ఫిబ్రవరి 20

వంట చేయలేదు. అత్త బొరుగులతో ఉగ్గాని చేసింది. ఆయనకు జావ. జావ నా ఎదురుగానే తాగాడు, శబ్దం చేస్తూ. నేను గోడ వైపు చూస్తూ తిన్నాను.

ఫిబ్రవరి 22

వచ్చే నెల ఎల్లమ్మ దేవర, అమ్మవారికి పొట్టేలు కోసి బంధువులకు పెట్టే జాతర. ఈ ఏడు బంధువులను పిలిచే వంతు మాది. అత్త ఎవరెవరిని పిలవాలో లెక్క చెబుతుంటే ఆయన మెల్లగా అన్నాడు.

"ఆ పొద్దు నేను గార్లదిన్నెకు పోతాలే. రామాంజనేయులింట్లో ఉంటా."

"దేవర పెట్టుకుని ఇంటి మొగోడు ఊళ్ళో లేకుంటే ఎట్లరా?" అంది అత్త.

"అందరూ పంక్తిలో కూచుని మటన్ తింటాంటే నేనేడ కూచోవాల? వాసన రాకుండా మిద్దె మీద కూచోవాల్నా? చిన్నప్పట్నుంచి ఒక్క దేవరకు పంక్తి తప్పలేదు నేను. ఇప్పుడు గిన్నెలో జావ పోసుకుని వాళ్ళ నడుమ కూచోమంటావా?"

అదీ అసలు సంగతి! రుచి కాదు, గొంతు కాదు. నేను ఖైమాలో పాలెన్ని, నెయ్యెంత అని తూకాలు చూసుకుంటున్నాను. ఆయన ఒంటరిగా తింటున్నాడు. మొదట మంచం మీద, తర్వాత గుంటలో. నేను చేసింది ఆయనకొక్కడికే వండడం. జబ్బు మనిషి గిన్నె వేరు, మా గిన్నె వేరు.

గొంతులోకి పోయేటట్టు చేయడం నాకు వచ్చింది. మిగతాది కూడా వస్తుంది.

మార్చి 1

అత్తతో పెద్ద గొడవ. నేను చెప్పింది ఇది: దేవర నాడు మా ఇంట్లో అందరికీ టర్కీ ఖైమా, సంగటి. ఆయన ఏది తింటే అందరూ అదే.

"దేవరకు కోడి ఖైమా పెడితే బంధువులు మొగాన ఉమ్మిపోతారు! అదీ కారం లేకుండా! కారం లేని కూర పెట్టి పంపినారని మడకశిర దాకా చెప్పుకుంటారు."

"పొట్టేలు అమ్మవారికి కోద్దాం అత్తా. ఆమె బాకీ ఆమెకే. మాంసం పచ్చిది భాగాలేసి, పోయేటప్పుడు బంధువుల చేతికిద్దాం. వాళ్ళింట్లో కావాల్సినంత కారమేసి వండుకుంటారు. మన పొయ్యి మీద మాత్రం ఆ పొద్దు మటన్ ఎక్కదు. పంక్తిలో వట్టి మిరపకాయల గొడ్డుకారం ఆకు పక్కన పెడదాం. కావాల్సినోళ్ళు కలుపుకుంటారు."

"ఎప్పుడన్నా యాడన్నా ఉండాదా ఇట్ల?"

"ఈడ ఉంటాది."

కూరగాయలు కోస్తున్న కొడవలి కింద పడేసి అత్త లోపలికి పోయింది.

మార్చి 2

పొద్దున్నే అత్త కాఫీ ఇస్తూ అంది, నా మొహం చూడకుండా. "ఎల్లమ్మతో నేను చెప్పుకుంటాలే. నా కొడుకు పంక్తిలో కూచుంటాడంటే ఆమె వద్దంటాదా?"

మార్చి 8

రామాంజనేయులు కోళ్ళు తెచ్చాడు. వాడి మొహం వెలిగిపోతోంది, ఇన్ని కోళ్ళు ఒకేసారి ఎవరూ తీసుకోలేదట. వలీ అన్న మిషన్ కడిగి మా పనికే పెట్టాడు. ఎంతమందికైనా నాకు లెక్కలేదు. ఇంత పెద్ద డేగిసాలో సన్న మంట నిలపడమే భయం. పెద్ద మంటైతే అడుగు పట్టి పైన ఇసుకవుతుంది. అందుకే ఒక్క డేగిసా కాదు, నాలుగు చిన్నవి పెడతాను. నాలుగు పొయ్యిల మధ్య నేను తిరుగుతాను. ఎవరినీ గరిటె ముట్టనివ్వను.

ఆయనకు ఇంకా చెప్పలేదు. గార్లదిన్నెకు పోవడానికి సంచి సర్దుకుంటున్నాడు. సంచిలోంచి చొక్కా తీసి మళ్ళీ దండెం మీద వేశాను. అమ్మవారి పూజ అయ్యేదాకన్నా ఉండి పొమ్మన్నాను.

మార్చి 10, దేవర

మధ్యాహ్నం రాస్తున్నాను, బంధువులు కునుకు తీస్తున్నారు. చేతులు ఇంకా ధనియాల వాసన.

పొద్దున పొట్టేలును కోసుకుని వచ్చారు. మాంసం భాగాలు వేసి చల్లటి తావున పెట్టాము. వంటింట్లో నా నాలుగు డేగిసాలు. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చాడు. మటన్ వాసన లేదు. "ఇంకా పొయ్యి మీద పెట్టలేదా?" అన్నాడు.

"ఇదే అందరికీ. నువ్వు తినేదే."

అర్థం చేసుకోవడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. "అమ్మ ఒప్పుకుందా?" అన్నట్టు లోపలికి చూశాడు. అత్త గొడ్డుకారం దంచుతోంది, కొడుకు వైపు చూడనేలేదు. ఆయన వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

వాకిట్లో పంక్తి వేశారు. మడకశిర నుంచి శ్రీరంగప్ప పెద్నాయన వచ్చాడు. అత్తకు అన్న, నాకు పెద్నాయన వరస, ఈ మనిషే మా దేవరలకు అందరికన్నా పెద్ద. ఆయన్ను పెద్నాయన పక్కనే కూర్చోబెట్టాను. వడ్డించేటప్పుడు సంగటి ఆకు అంచున పడింది. నా గురి ఎందుకు తప్పుతుంది? సంగటి బరువు.

"కారమేది?" అన్నారు ఎవరో మొదటి ముద్దకే. "పక్కనుండాది, కలుపుకో" అన్నాను. కలుపుకున్నారు. కొందరు కలుపుకోవడం మరిచిపోయి తిన్నారు. నేను చూస్తూనే ఉన్నాను, ఎవరెవరో.

ఆయన తల వంచుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గుటక శబ్దం నాకు వినపడింది, అంతమంది మాటల మధ్యలో కూడా. గడ్డం మీద కారింది. తువ్వాలు తీసుకోబోయాడు. పక్కన పెద్నాయన గడ్డం మీద ఆయనకన్నా ఎక్కువ కారుతోంది, పెద్నాయనకు అదేమీ పట్టలేదు.

"అమ్మా సువర్ణా," అన్నాడు పెద్నాయన, సంగటి వేలితో తిప్పుకుంటూ. "పండ్లూడిపోయినప్పట్నుంచి దేవరకొస్తే పులుసు తాగి, ముక్కలు చప్పరిచ్చి, ఆకు పక్కన పెట్టి పోతాంటి. ఇన్నేండ్లకు ఈ పొద్దు మాంసం నా కడుపులోకి పోతాంది. చెన్నాగుండాది తల్లీ."

మెల్లగా మిగతావాళ్ళ ఆకులు ఖాళీ అయ్యాయి. మా పంక్తిలో అందరికన్నా ఆలస్యమైనవాడు ముగించేదాకా ఎవరూ లేవకూడదు. చేతులు ఎండిపోతున్నా కూర్చోవాల్సిందే. ఆయన ఆకు సగం కూడా కాలేదు. అందరూ తన కోసమే కూర్చున్నారని ఆయనకు తెలిసిపోయింది. చూపులు ఎత్తలేదు కానీ చెయ్యి ఆగిపోయింది. ఆకు మడవబోయాడు. అరవాలనుంది, పంక్తిలో ఎలా అరవను?

పెద్నాయన ఎడమ చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"యాడికి అల్లుడా? నాది ఇంకా నీకన్నా ఎక్కువుండాది. పెద్దోన్ని, నేను లేయకముందు లేచేటోడు ఎవుడో చూస్తా కూచో."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదల్లేదు. రామాంజనేయులు కోళ్ళ కథలేవో మొదలుపెట్టాడు. అందరూ ఆరిన చేతులతో వాడి మాటలు వింటూ కూర్చున్నారు. ఇద్దరూ తింటున్నారు, ఒకరి గుటక తర్వాత ఒకరి గుటక. ఎంతసేపో నేను గడియారం చూడలేదు. వాకిట్లోకి ఎండ వచ్చేసింది. ఎవరో గొడుగు తెచ్చి పెద్నాయన మీద పట్టారు, మా ఆయన మీద కూడా పట్టారు.

మధ్యలో ఆయన తలెత్తి నన్ను పిలిచాడు. మళ్ళీ వడ్డించడానికి వెళ్ళాను.

"ధనియాలు," అన్నాడు. "ధనియాలు తెలుస్తాండాయి."

వంటింట్లోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కళ్ళేమైనాయని అత్త అడిగింది, పొగ అన్నాను. గ్యాస్ పొయ్యికి పొగేంటని అడగలేదు ఆమె.

ఆఖరికి ఆకు మడిచింది పెద్నాయనే. మా ఆయన అంతకుముందే ముగించి, పెద్నాయన కోసం కూర్చున్నాడు.

మార్చి 11

నాలుగు డేగిసాలూ అడుగంటలేదు. అది కూడా రాసి పెట్టాలి.

మార్చి 13

వాకిట్లోనే తింటున్నాడు, మాతోపాటు. మాకూ అదే కూర. అత్త గొడ్డుకారం డబ్బా పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. ఆయన ముగించేదాకా ముగ్గురం కూర్చుంటాం. అత్తకు మోకాళ్ళు నొప్పి, అయినా లేవదు.

మార్చి 15

సగం వదిలేశాడు. ఆకలి లేదన్నాడు. నా కళ్ళ ముందే వదిలేశాడు, దాచలేదు. కోపం వచ్చింది కానీ మంచి కోపమే.

మార్చి 18

బరువు తగ్గలేదు. పైగా కాస్త పెరిగింది. ఈసారి కాటా గురించి నేనేమీ అనలేదు.

గొట్టం ఇప్పుడక్కర్లేదు, ఇలాగే తినిపించండి అన్నాడు డాక్టరు. ఏం పెడుతున్నారమ్మా అని అడిగాడు. అడిగిందే తడవు, కోడిని ఎప్పుడు కడగాలో దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పుట్నాల పొడి దగ్గరికి వచ్చేసరికి నర్సు తర్వాతివాళ్ళను పిలిచేసింది. డైట్ చెప్పే అమ్మాయి మాత్రం బయటిదాకా వచ్చి మిగతాది అడిగింది. ధనియాలు దంచిన గంటలోపే వేయాలని రెండుసార్లు చెప్పాను.

బస్సులో ఆయన నా భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోయాడు. జాకెట్టు తడిసింది. ఉమ్ము! నాకు ఎంత ఆనందమైందంటే, పక్క సీటు ఆమెకు చూపించబోయి ఆగిపోయాను.

ఇల్లు చేరి స్టవ్ తుడుస్తున్నాను. ఆయన వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. నీళ్ళు కావాలేమో అనుకున్నాను.

"రేపేం చేస్తావు?" అన్నాడు.

రేపు అన్నాడు. మగ్గం గుంటలో కవర్లు దాచిన మనిషి, నన్ను ఇడిసిపెట్టు అన్న మనిషి, రేపు అన్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను.

"నీకేం కావాల?" అన్నాను చివరికి.

ఆయన గడప మీద కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టాడు. నేను ఇది రాస్తున్నాను, ఆయన ఇంకా అక్కడే కూర్చుని ఆలోచిస్తున్నాడు.